స్రవించిన ప్రోటీను దూరం పోవలసిందేనా? – వింగ్‌లెస్ ప్రయోగంపై విమర్శనాత్మక పరిశీలన

పిండాభివృద్ధిని గురించిన ఏ పాఠ్యగ్రంథం తీసినా ఒక బొమ్మ తప్పక కనిపిస్తుంది. ఒక అంచున ఉన్న కొన్ని కణాలు ఒక ప్రోటీనును స్రవిస్తుంటాయి. ఆ ప్రోటీను మూలం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా విస్తరించి ఉంటుంది. గాఢత ఎక్కువ ఉన్న చోట కణాలు ఒక రకంగా, మధ్యస్థంగా ఉన్న చోట మరో రకంగా, తక్కువ ఉన్న చోట ఇంకో రకంగా మారతాయి. లూయిస్ వోల్పర్ట్ 1960ల చివరలో మూడు రంగుల ఫ్రెంచి జెండాతో పోల్చి చెప్పిన నమూనా ఇదే. ఇలా పనిచేసే పదార్థానికి మార్ఫోజెన్ అని పేరు. ఆ పదాన్ని 1952లోనే ఆలన్ ట్యూరింగ్ వాడాడు గాని, అతని భావన కొంత వేరు.

గత యూనిట్‌లో మీరు ఈ నమూనాను చదివారు. వింగ్‌లెస్, హెడ్జ్‌హాగ్, డెకాపెంటాప్లెజిక్ అనే మూడు ప్రోటీన్లను ఉదాహరణలుగా నేర్చుకున్నారు. ఈ వ్యాసంలో వాటిలో మొదటిదాన్ని తీసుకొని, ఆ బొమ్మకు ఆధారంగా నిలిచిన ప్రయోగాలు నిజంగా ఏమి రుజువు చేశాయో, ఏమి చేయలేదో పరిశీలిద్దాం. విద్యార్థులు దీన్ని పాఠానికి అనుబంధంగా కాక, పాఠంపై వేసిన ప్రశ్నగా చదవాలి. బొమ్మ తప్పు అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే దాదాపు రెండు దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలు రుజువైందనుకున్న ఒక అంశం, అసలు పరీక్షకే రాలేదని 2014లో తేలింది. అది ఎలా జరిగిందన్నదే ఇక్కడ మనకు ముఖ్యం.

రెక్కలు లేని ఈగ

ముందు ఈ ప్రోటీను కథ కొంచెం చెప్పుకోవాలి. 1973లో ఆర్.పి. శర్మ అనే భారతీయ జన్యుశాస్త్రజ్ఞుడు పండు ఈగలో, అంటే డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో, ఒక వింత ఉత్పరివర్తనను నమోదు చేశారు. ఈ ఈగల్లో కొన్నింటికి ఒక రెక్క ఉండదు, కొన్నింటికి రెండూ ఉండవు. రెక్క ఉండవలసిన చోట వీపు భాగపు కణజాలం అద్దంలో ప్రతిబింబంలా మరోసారి ఏర్పడుతుంది. 1976లో శర్మ, వి.ఎల్. చోప్రా కలిసి ఈ ఉత్పరివర్తనపై వివరమైన వ్యాసం ప్రచురించారు. ఆ పని న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థలో జరిగింది. నేడు ప్రపంచమంతటా వేలాది పరిశోధనా పత్రాల్లో కనిపించే 'వింట్' అనే పేరులో సగం ఈ ఢిల్లీ ఈగ నుంచి వచ్చిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు.

మిగిలిన సగం ఎలుక నుంచి వచ్చింది. 1982లో రోయల్ నుస్సె, హెరాల్డ్ వార్మస్ ఎలుకల్లో స్తన కణితులు కలిగించే ఒక వైరస్ ఏ జన్యువు పక్కన చేరి కణితికి కారణమవుతోందో వెతికి, ఇంట్-1 అనే జన్యువును కనుగొన్నారు. ఈలోగా, 1980లో, క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్ట్, ఎరిక్ వీషాస్ ఈగ పిండంలో ఖండితాల అమరికను చెడగొట్టే ఉత్పరివర్తనల జాబితా ప్రచురించారు. అందులో వింగ్‌లెస్ ఉంది. 1987లో ఇంట్-1, వింగ్‌లెస్ ఒకే జన్యువుకు రెండు జీవుల్లోని రూపాలని తెలిసింది. రెండు పేర్లనూ కలిపి 'వింట్' అన్నారు. మానవుల్లో ఇలాంటి జన్యువులు 19, ఈగలో 7 ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్ నుంచి ఎముకల సాంద్రత దాకా ఈ కుటుంబంతో సంబంధం లేని విషయం తక్కువ.

నీటిలో కరగని దూత

ఇక్కడ మొదటి చిక్కు వస్తుంది. బొమ్మలో చూపినట్లు ప్రోటీను కణాల మధ్య ఉన్న ద్రవంలో అగరువత్తి పొగలా విస్తరించాలంటే అది ద్రవంలో కలవాలి. వింట్ ప్రోటీన్లు అలాంటివి కావు. కణం లోపల, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో, పోర్‌క్యుపైన్ అనే ఎంజైము దాదాపు ప్రతి వింట్ ప్రోటీనుకూ ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలిస్తుంది. ఆ కొవ్వు తోక లేకపోతే అది కణం బయటికి రాదు, పని చేయదు. తోక ఉంటే బయటికి వస్తుంది గాని, నీటిని తప్పించుకొని కణత్వచానికి అతుక్కుపోతుంది. చురుకైన వింట్ ప్రోటీనును శుద్ధి చేయడానికి 2003 దాకా ఎవరికీ సాధ్యం కాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ జిగటతనమే.

ఆ తోక విషయంలో కూడా ఒక దిద్దుబాటు జరిగింది. కొవ్వు ఆమ్లం ఒక సిస్టీన్ అమైనో ఆమ్లానికి అతుక్కుంటుందని 2003లో చెప్పారు. 2006లో మరో బృందం అది సెరీన్‌పై ఉందని చూపింది. 2012లో వింట్, ఫ్రిజిల్డ్ గ్రాహకం రెండూ కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం వెలువడినప్పుడు చిత్రం స్పష్టమైంది. కొవ్వు తోక సెరీన్‌పైనే ఉంది. అది బొటనవేలిలా చాచుకొని నేరుగా గ్రాహకంలోని గాడిలోకి దూరి కూర్చుంటుంది. అంటే ఆ తోక ప్రయాణానికి అడ్డు, కాని గమ్యంలో తాళంచెవి. తోక తీసేస్తే సులభంగా ప్రయాణిస్తుంది, కాని చేరిన చోట తలుపు తెరుచుకోదు. నోటమ్ అనే ఎంజైము విషయంలోనూ ఇలాగే జరిగింది. అది కణ ఉపరితలం మీది గ్లైపికాన్‌లను కత్తిరిస్తుందని చాలాకాలం బోధించారు. 2015లో అది కత్తిరించేది వింట్ కొవ్వు తోకనేనని తేలింది. పాత ముద్రణలు చదివే విద్యార్థులు ఈ రెండు అంశాలను సరిచూసుకోవాలి.

కాబట్టి వింట్‌ను 'స్రావక ప్రోటీను' అనడం సరైనదే గాని, ఆ మాట మన మనసులో ఒక తప్పు చిత్రాన్ని కూడా గీస్తుంది. హార్మోనును కూడా స్రావమే అంటాం. ఇన్సులిన్ రక్తంలో కలిసి దేహమంతా తిరుగుతుంది. వింట్ స్రవించిన తరువాత కూడా కణ ఉపరితలాన్ని వదలదు. స్రవించడం వేరు, వ్యాపించడం వేరు. ఈ తేడాను గుర్తుంచుకుంటే తరువాత వచ్చేదంతా సులభంగా అర్థమవుతుంది.

1996 నాటి ప్రయోగాలు

వింగ్‌లెస్ ఒక మార్ఫోజెన్ అనడానికి ప్రధాన ఆధారం ఈగ డింభకంలోని రెక్క డిస్క్. ఇది డింభకం లోపల ఉండే చిన్న కణపు సంచి. తరువాతి దశలో ఇదే రెక్కగా మారుతుంది. డింభకం చివరి దశలో ఈ డిస్క్ మధ్యగా, రెక్క పైతలం, కింది తలం కలిసే హద్దు వెంట, కొద్ది కణాల వెడల్పు మాత్రమే ఉన్న ఒక సన్నని పట్టీలో వింగ్‌లెస్ తయారవుతుంది. ఆ పట్టీకి ఆనుకొని న్యూరలైజ్డ్ అనే జన్యువు, ఇంకొంచెం విశాలంగా డిస్టల్-లెస్, అంతకన్నా విశాలంగా వెస్టిజియల్ పనిచేస్తాయి. జెండాలోని మూడు రంగులకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

1996లో మిరియం జెక్కా, కాన్రాడ్ బాస్లర్, గ్యారీ స్ట్రూల్ చేసిన ప్రయోగాలు ఎంతో తెలివైనవి. వారి ముందున్న ప్రశ్న ఇది: దూరంగా ఉన్న కణాలకు వింగ్‌లెస్ స్వయంగా చేరుతోందా, లేక పక్క కణానికి చెబితే అది తన పక్క కణానికి మరో సంకేతం ద్వారా అందిస్తోందా? మొదటిది దండోరా వంటిది, రెండోది చెవిలో చెప్పిన కబురు ఇంటింటికీ పాకడం వంటిది. దీన్ని తేల్చడానికి వారు మూడు రకాల కణ సమూహాలను డిస్క్‌లో సృష్టించారు. ఒకదానిలో మామూలు వింగ్‌లెస్ తయారయింది. అప్పుడు లక్ష్య జన్యువులు ఆ సమూహం బయట, అనేక కణాల దూరం వరకు మేల్కొన్నాయి. రెండోదానిలో వింగ్‌లెస్‌ను న్యూరోటాక్టిన్ అనే త్వచ ప్రోటీనుకు అతికించి, కణానికే కట్టివేశారు. అప్పుడు ఆ కణాలలోనూ వాటిని తాకుతున్న ఇరుగుపొరుగు కణాలలోనూ మాత్రమే స్పందన కనిపించింది. మూడోదానిలో వింగ్‌లెస్ సంకేతాన్ని కణం లోపల మోసుకుపోయే ఆర్మడిల్లో ప్రోటీనును ఎల్లప్పుడూ పనిచేసేలా మార్చారు. అప్పుడు ఆ కణాలు మాత్రమే స్పందించాయి, పక్కవాటికి ఏమీ చేరలేదు. కనుక కబురు ఇంటింటికీ పాకడం లేదు, వింగ్‌లెస్ స్వయంగానే దూరం వెళుతోంది. మరుసటి సంవత్సరం న్యూమన్, కోహెన్‌ల పని కూడా ఇదే దిశలో సాగింది. 2000లో కణాల వెలుపల ఉన్న వింగ్‌లెస్‌ను మాత్రమే రంగుతో చూపే పద్ధతి ద్వారా ప్రవణతను కళ్ళతో చూడగలిగారు.

ఇక వాదం ముగిసిందనిపించింది. పుస్తకాల్లోకి ఎక్కింది. పరీక్షల్లో ప్రశ్న అయింది.

ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించండి. ఈ ప్రయోగాలన్నీ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాయి? వింగ్‌లెస్ దూరం వెళ్ళగలదా అన్న ప్రశ్నకు. వెళ్ళి అక్కడ నేరుగా పని చేయగలదా అన్న ప్రశ్నకు. రెంటికీ జవాబు అవును. కాని కణ సమూహాలలో వింగ్‌లెస్‌ను తయారు చేసినది సొంత జన్యువు కాదు, పరిశోధకులు పెట్టిన కృత్రిమ జన్యువు. అది ఉండకూడని చోట, ఎంత ఉండాలో అంత అన్న నియమం లేకుండా తయారయింది. అలాంటప్పుడు ఒక పదార్థం ఏమి చేయగలదో తెలుస్తుంది. సహజ స్థితిలో రెక్క ఏర్పడడానికి ఆ పని అవసరమా అన్నది తెలియదు. లారీ పది టన్నులు మోయగలదని చూపినంత మాత్రాన, మన ఇంటికి వచ్చిన బియ్యం మూట లారీలోనే వచ్చిందని చెప్పలేం కదా.

సమర్థత, ఆవశ్యకత అనే ఈ రెండింటి మధ్య తేడాను జన్యుశాస్త్రం మొదటి సంవత్సరంలోనే నేర్పుతుంది. అయినా, ఒక చక్కని బొమ్మ మనసులో నాటుకున్నాక ఆ తేడాను మరచిపోవడం సులభం. ఇక్కడ జెక్కా బృందాన్ని తప్పుపట్టలేం. వారు వేసుకున్న ప్రశ్న వేరు, దానికి వారు సరైన జవాబే ఇచ్చారు. దాన్ని మరో ప్రశ్నకు జవాబుగా వాడుకున్నది తరువాతి వారు, ముఖ్యంగా పాఠ్యపుస్తక రచయితలు.

కట్టివేసిన వింగ్‌లెస్

2014 జనవరిలో 'నేచర్' పత్రికలో సిరిల్ అలెగ్జాండర్, అల్బెర్టో బాయెనా-లోపెజ్, జాన్-పాల్ విన్సెంట్ ప్రచురించిన పత్రం ఆవశ్యకతను నేరుగా పరీక్షించింది. వారు అప్పుడు లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధనా సంస్థలో పనిచేస్తున్నారు. ఈగ క్రోమోసోములో వింగ్‌లెస్ జన్యువును తీసివేసి, సరిగ్గా అదే స్థానంలో న్యూరోటాక్టిన్‌కు కట్టివేసిన వింగ్‌లెస్ రూపాన్ని పెట్టారు. 1996లో వాడినది ఈ రకం కట్టివేతే. తేడా ఎక్కడంటే, ఈసారి అది సహజ నియంత్రణ కింద, సహజ సమయంలో, సహజ స్థానంలో తయారవుతుంది. ఈ ఈగలో స్వేచ్ఛగా తిరిగే వింగ్‌లెస్ ఒక్క అణువు కూడా లేదు. ఉన్నదంతా తన కణానికి కట్టుబడి, తాకిన పొరుగు కణంతో మాత్రమే మాట్లాడగలదు.

వింగ్‌లెస్ పూర్తిగా లేని పిండం చచ్చిపోతుంది. జెండా నమూనా నిజమైతే, కట్టివేసిన వింగ్‌లెస్ ఉన్న ఈగకు కనీసం రెక్క చాలావరకు ఏర్పడకూడదు. కాని ఆ ఈగలు బతికాయి. వాటికి రెక్కలు వచ్చాయి, కాళ్ళు వచ్చాయి. అమరిక మామూలుగా ఉంది, పరిమాణం దాదాపు సరైనదే. తేడా ఒక్కటి, అవి పెరగడానికి మామూలు ఈగలకంటే ఎక్కువ కాలం పట్టింది.

మరి దూరపు కణాలలో డిస్టల్-లెస్, వెస్టిజియల్ ఎలా మేల్కొన్నాయి? రచయితలు ఇచ్చిన వివరణ సరళమైనది. సన్నని పట్టీ అనేది డింభకం చివరి దశలో కనిపించే దృశ్యం. అంతకు ముందు, రెక్క కాబోయే ప్రాంతంలో వింగ్‌లెస్ జన్యువు చాలా విశాలంగా, చాలాసేపు పనిచేస్తుంది. అంటే తరువాత దూరంగా కనిపించే కణాలు ఒకప్పుడు తామే వింగ్‌లెస్‌ను తయారుచేసుకున్నవి, లేదా తయారుచేసే కణాల పక్కన ఉన్నవి. ఆ తొలి సంకేతాన్ని అవి గుర్తుపెట్టుకున్నాయి. ఒకసారి అద్దకం వేసిన బట్ట రంగు నిలుపుకున్నట్లు, సంకేతం ఆగిపోయాక కూడా లక్ష్య జన్యువులు పనిచేస్తూనే ఉన్నాయి. మనం చివరి దశ చిత్రాన్ని మాత్రమే చూసి, దూరంలో ఉన్న రంగుకు దూరప్రయాణం కారణమని ఊహించాం. కాలంలో జరిగినదాన్ని స్థలంలో జరిగినట్లు చదివాం. ఈ పత్రంలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. స్థిర నమూనాల స్లైడ్లు చూసి అభివృద్ధిని అర్థం చేసుకునే మనవంటి వారికి ఇది మరీ అవసరం. ప్రాక్టికల్ రికార్డులో మనం గీసే ప్రతి బొమ్మా ఒక క్షణానిది మాత్రమే.

ఈ పత్రాన్ని కూడా ప్రశ్నించాలి

2014 పత్రం వచ్చాక కొందరు 'మార్ఫోజెన్ కథ ముగిసింది' అన్నట్లు మాట్లాడారు. అది అతిశయోక్తి. ఆ పత్రాన్ని కూడా మనం పై పద్ధతిలోనే చదవాలి.

మొదట ఆ ఆలస్యాన్ని తీసుకోండి. రచయితలు దాన్ని దాచలేదు. వ్యాప్తి కణ విభజన వేగాన్ని పెంచడానికి బహుశా తోడ్పడుతుందని వారే రాశారు. కాని ఒక డింభకం ఎక్కువ రోజులు పెరిగి సరైన పరిమాణం చేరుకుంటే, ఆ అదనపు రోజుల్లో ఏదో లోపం సర్దుబాటు అయి ఉండవచ్చు. తుది ఫలితం ఒకటే అయినంత మాత్రాన దారి ఒకటే అని చెప్పలేం. సప్లిమెంటరీలో పాసైన విద్యార్థి డిగ్రీ పట్టా చూసి, అతను ఏ పరీక్ష ఎప్పుడు రాశాడో చెప్పలేం. పైగా ప్రయోగశాల సీసాలో తిండికి కొరత లేదు, శత్రువు లేడు. బయట, కుళ్ళిపోతున్న పండు మీద, కొద్ది రోజుల ఆలస్యం ఒక డింభకానికి ప్రాణాంతకం కావచ్చు. 'లేకున్నా నడుస్తుంది' అన్న మాటకు 'ఎక్కడ నడుస్తుంది' అన్న ప్రశ్న ఎప్పుడూ తోడుగా ఉండాలి.

రెండో విషయం సాధారణీకరణ. పత్రం పరీక్షించినది ప్రధానంగా రెక్క. రెక్క డిస్క్‌లో మొదటి దశలో వింగ్‌లెస్ విశాలంగా తయారవుతుంది కాబట్టి జ్ఞాపకం చాలింది. అలా విశాలంగా తయారు కాని చోట ఏమవుతుంది? దీనికి చక్కని పరీక్ష ఈగ విసర్జక నాళికలలో దొరికింది. మీరు కీటకాల యూనిట్‌లో చదివిన మాల్పీజియన్ నాళికలే ఇవి. 2018లో రాబిన్ బీవెన్, బారీ డెన్‌హోమ్ అవే కట్టివేసిన వింగ్‌లెస్ ఈగలను తీసుకొని, వాటి రెక్కలకు బదులు నాళికలను చూశారు. నాళిక పొడవునా ఏ భాగం ఏ రకం కణాలుగా మారాలో నిర్ణయించడానికి వింగ్‌లెస్ విడుదలై వ్యాపించడం అవసరమని తేలింది. ఒకే ఈగ, ఒకే జన్యుమార్పు. ఒక అవయవంలో వ్యాప్తి లేకున్నా ఫరవాలేదు, మరో అవయవంలో లేకపోతే అమరిక దెబ్బతింటుంది. 2014 నాటి ఈగలు బతికాయి కాబట్టి వాటిలో అన్నీ బాగున్నాయని అనుకోవడం తొందరపాటు. బయటికి కనిపించే రెక్కను అందరూ చూశారు, కడుపులోని నాళికను చూడాలని కొందరికే తోచింది. రెక్క విషయంలోనూ చర్చ ఆగలేదు. డింభకం చివరి దశలో సంకేతం స్థిరంగా నిలవడానికి వింగ్‌లెస్ ప్రవణత, ఫ్రిజిల్డ్-2 గ్రాహకం తోడ్పడతాయని 2019లో మైకేల్ బూట్రోస్ బృందం వాదించింది.

మూడోది, కట్టివేత గురించి. న్యూరోటాక్టిన్‌తో కలిపిన వింగ్‌లెస్ సహజ వింగ్‌లెస్‌తో అన్ని విధాలా సమానం కాదు. అది పరిమాణంలో పెద్దది, త్వచంలో దాని నిలకడ వేరు కావచ్చు. కణాలు సన్నని దారాల వంటి పొడుగులు చాచి దూరపు కణాలను తాకగలవని రెక్క డిస్క్‌లోనే 1999లో రామిరెజ్-వెబర్, కార్న్‌బర్గ్ చూపారు. త్వచానికి కట్టివేసిన ప్రోటీను అలాంటి పొడుగు మీద ఉంటే, కట్టు ఉన్నా అది ఒకటి రెండు కణాలు దాటి చేరగలదు. ఇది ఊహే, కాని కొట్టిపారేయదగిన ఊహ కాదు.

ఇక్కడ ఒక సాధారణ పొరపాటు గురించి చెప్పాలి. సంపర్క తరగతుల్లో ఈ చర్చ వచ్చినప్పుడు చాలామంది, 'పోర్‌క్యుపైన్‌ను ఆపితే వింట్ సంకేతమే ఆగిపోతుంది కదా, అంటే వ్యాప్తి అవసరమే కదా' అంటారు. ఈ తర్కం నిలవదు. పోర్‌క్యుపైన్ లేకపోతే వింట్ కణం నుంచి బయటికే రాదు. దాన్ని ఉపరితలానికి మోసే వింట్‌లెస్ అనే ప్రోటీను లేకపోయినా అంతే. అప్పుడు దూరపు కణంతో పాటు పక్క కణానికి కూడా సంకేతం అందదు. గొంతు మూసేస్తే అరుపూ ఆగుతుంది, గుసగుసా ఆగుతుంది. కాబట్టి స్రావాన్ని ఆపే ప్రయోగం వ్యాప్తిని గురించి ఏమీ చెప్పదు. కట్టివేత ప్రయోగం విలువ సరిగ్గా ఇక్కడే ఉంది, అది రెంటినీ విడదీసింది.

ఈ తేడా ప్రయోగశాలకే పరిమితం కాదు. పోర్‌క్యుపైన్‌ను నిరోధించే మందులను కొన్ని క్యాన్సర్లకు మానవులపై పరీక్షించారు. అవి వింట్‌ను మూలంలోనే ఆపుతాయి గనుక, ఆరోగ్యకరమైన కణజాలంలో పొరుగు కణాల మధ్య జరిగే మామూలు సంభాషణను కూడా ఆపుతాయి. ఎముకలు బలహీనపడడం ఆ మందుల విషయంలో తెలిసిన ఇబ్బంది. అంతేకాదు, పెద్దపేగు క్యాన్సర్లలో అధికభాగానికి కారణమైన ఎ.పి.సి. జన్యు లోపం కణం లోపల, గ్రాహకానికి దిగువన ఉంది. అక్కడ బయటి నుంచి వింట్ రాకపోయినా సంకేతం మోగుతూనే ఉంటుంది. సంకేతం ఎక్కడ మొదలై, ఎంత దూరం పోయి, ఏ మెట్టు దగ్గర చెడిందో తెలియకుండా మందు ఎంచుకోలేం.

ఇతర జీవులలో

ఈగను దాటి చూస్తే చిత్రం ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఎలుక చిన్నపేగు గోడలోని గుంతల అడుగున మూలకణాలు, వాటి మధ్య పానెత్ కణాలు ఉంటాయి. పానెత్ కణాలు వింట్-3ని తయారుచేస్తాయి. 2016లో హెన్నర్ ఫారిన్, హాన్స్ క్లెవర్స్ తదితరులు ఆ ప్రోటీనుకు గుర్తు తగిలించి చూసినప్పుడు, అది ద్రవంలో తేలిపోలేదు. పానెత్ కణం నుంచి ఆనుకొని ఉన్న మూలకణానికి మారి, దాని త్వచం మీదే నిలిచింది. ఆ మూలకణం విభజన చెందినప్పుడు వింట్ పిల్ల కణాలకు పంపకమైంది. తాత పొలం కొడుకులకు, వారి నుంచి మనుమలకు పంచుకుంటూ పోతే ఒక్కొక్కరి వాటా చిన్నదైనట్లు, గుంత అడుగు నుంచి పైకి జరిగేకొద్దీ ఒక్కో కణం మీద వింట్ తగ్గుతూ పోయింది. చూడడానికి అదీ ప్రవణతే. కాని దాన్ని పుట్టించినది విసరణ కాదు, కణవిభజన. ప్రవణతను చూసిన వెంటనే విసరణ అని రాయవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

దీనికి పూర్తిగా ఎదురుగా సీనోర్‌హాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే చిన్న గుండ్రటి పురుగు ఉంది. అందులో ఈజీఎల్-20 అనే వింట్ తోక వైపు కణాలలో తయారై, వలస పోయే నాడీ పూర్వకణాలకు ఏ దిక్కుకు పోవాలో చెబుతుంది. 2018లో ఏరియల్ పానీ, బాబ్ గోల్డ్‌స్టీన్ సహజ జన్యువుకే వెలిగే ప్రోటీనును జోడించి, బతికి ఉన్న పురుగులో చూశారు. ఇక్కడ వింట్ నిజంగానే కణాల వెలుపల విసరణ ద్వారా దూరం వెళ్ళి ప్రవణత ఏర్పరుస్తోంది. పాత బొమ్మ ఈ పురుగులో చక్కగా సరిపోతుంది.

కనుక వార్షిక పరీక్షలో 'వింగ్‌లెస్ మార్ఫోజెన్ అని నిరూపించండి' అని ప్రశ్న వస్తే, 1996 ప్రయోగాలు మూడింటినీ రాసి ఊరుకోవద్దు. అవి ప్రత్యక్ష దూరచర్య సాధ్యమని చూపాయనీ, 2014 ప్రయోగం ఈగ రెక్క అమరికకు అది తప్పనిసరి కాదని చూపిందనీ, నాళికల ప్రయోగం మరో అవయవంలో అది తప్పనిసరి అని చూపిందనీ విడివిడిగా రాయండి. ఏ వాక్యం ఏ కణజాలానికి వర్తిస్తుందో చెప్పండి.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. దూరం వెళ్ళే చోట్ల, నీటిలో కలవని ఆ కొవ్వు తోకతో అది ఎలా వెళుతోంది? లిపోప్రోటీన్ రేణువులు మోస్తాయని, చిన్న త్వచ సంచులలో ప్రయాణిస్తుందని అనేక సూచనలు వచ్చాయి. 2020లో ఒక గట్టి జవాబు వచ్చింది. కణ ఉపరితలం మీద ఉండే గ్లైపికాన్ ప్రోటీన్లలో ఒక రకం, ఈగలో డాలీ-లైక్ అనేది, తనలో ఒక సందు ఏర్పరచి వింట్ కొవ్వు తోకను అందులో దాచుకుంటుంది. తోక నీటికి తగలకుండా కాపాడి, గ్రాహకానికి అప్పగిస్తుంది. ఈ పని చేసినది ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలోని జాన్-పాల్ విన్సెంట్ బృందం. 2014లో రెక్కకు వింగ్‌లెస్ వ్యాప్తి అక్కరలేదని చూపిన బృందమే, ఆరేళ్ళ తరువాత ఆ వ్యాప్తి ఎలా సాధ్యమో చూపింది. రెండు పత్రాల్లో ఏదీ రెండోదాన్ని కొట్టివేయదు. వాటిని వరుసగా చదివే వీలు దొరికితే చదవండి, ముందు 2014 నాటిది, తరువాత 2020 నాటిది.